నాపరాతి నేల కింద

నాపబండలు పరిచిన వంటింట్లో నిమ్మకాయ పిండేటప్పుడు ఒక చుక్క కిందపడి, వెంటనే తుడవకపోతే, మర్నాటికి అక్కడ నునుపు పోయి తెల్లటి మచ్చ తేలుతుంది. ఎంత తోమినా అది పోదు. సున్నపురాయి పులుపుకు కరుగుతుంది, అంతే. వాననీరు గాలిలోంచి కొంత, మట్టిలోంచి మరింత కార్బన్ డయాక్సైడును కలుపుకొని చాలా పలచటి ఆమ్లమవుతుంది. ఆ నీరు రాతి నెర్రెల్లోకి దిగి, వేల లక్షల ఏళ్లు ఆ నిమ్మచుక్క చేసిన పనే చేసింది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు ఏర్పడింది అలాగే. బిల్లసుర్గం గవులు, యాగంటి కొండ గుహలు, ఎర్రమల కొండల పొడవునా ఉన్న పేరులేని ఎన్నో బిలాలు కూడా అంతే.

నంద్యాల, కర్నూలు, కడప జిల్లాలు, అనంతపురం జిల్లాలో తాడిపత్రి చుట్టుపక్కల ప్రాంతం కలిపి చూస్తే దక్షిణ భారతంలో ఇంత విస్తారమైన సున్నపురాతి సీమ అరుదు. ఈ రాతిని ఇల్లు కట్టుకోవడానికి కోశాం, సిమెంటు కోసం పేల్చాం, గుహలో లింగం కనిపిస్తే మొక్కాం, దీపాలు పెట్టి టికెట్ అమ్మాం. ఈ నాలుగు పనుల్లో దేన్నీ తప్పని కొట్టిపారేయలేం. కానీ కింద ఏముందో పూర్తిగా లెక్క రాసుకోకుండానే పైన పనులన్నీ చేసుకుపోతున్నాం. దాదాపు నూట ఎనభై ఏళ్లుగా ఈ నేలను ఎవరెవరు ఎలా చూశారు, ఏం తేల్చారు, ఏది మిగిల్చారు అని ఒకసారి వరసగా చూస్తే ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది.

ముందు రాయి సంగతి. నల్లమల, ఎర్రమల, వెలికొండల మధ్య, పైన పల్నాడు దాకా నెలవంక ఆకారంలో సుమారు 44 వేల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న పాత సముద్రగర్భాన్ని భూవిజ్ఞానులు కడప బేసిన్ అంటారు. అడుగున ఉన్న పొరల వయసు 180, 190 కోట్ల ఏళ్ల దాకా ఉంటుంది. వేంపల్లె, పులివెందుల వైపు డోలమైటు రాతిలో గుండ్రంగా, పొరలుపొరలుగా కనిపించే స్ట్రోమటోలైట్లు ఆనాటి సూక్ష్మజీవులు కట్టిన గుట్టలు. చేప, ఆకు, పురుగు ఏదీ లేని కాలపు జీవం అది. తుమ్మలపల్లె యురేనియం దొరికేదీ ఆ వేంపల్లె పొరల్లోనే. వీటి మీద చాలా కాలం తర్వాత పేరుకున్న పొరలది కర్నూలు వర్గం. 1872లో భూవిజ్ఞాని విలియం కింగ్ ఈ ప్రాంతం మీద రాసిన పెద్ద గ్రంథం తర్వాత ఇక్కడి పల్లెల పేర్లు భూవిజ్ఞాన శాస్త్రంలోకి ఎక్కాయి. నార్జి సున్నపురాయి, కోవెలకుంట్ల సున్నపురాయి, అవుకు షేలు, పాణ్యం క్వార్ట్జైటు, నంద్యాల షేలు అని ప్రపంచంలో ఎక్కడి భూవిజ్ఞాని అయినా పలకాల్సిందే. జమ్మలమడుగు వైపు ఉన్న నార్జి అనే పల్లెకు తన పేరు ఇంత దూరం వెళ్లిందని తెలుసో లేదో.

గుహలకు నార్జి పొర ముఖ్యం. నల్లగా, బూడిదరంగుగా, పుస్తకంలో కాగితాల్లా అడ్డంగా పరుచుకుని ఉంటుంది. క్వారీలో కూలివాళ్లు ఉలి పెట్టి, సుత్తితో వరసగా తడుతూ పోతే బండ అడుగు నుంచి పలకలా లేస్తుంది. ఈ గుణం వల్లనే ఇది నాపరాయి అయింది. కొలిమిగుండ్ల, బనగానపల్లె ఊళ్లలో గోడ నాపరాయి, పైకప్పు నాపరాయి, పొలం గట్టున నిలబెట్టిన కంచె కూడా నాపరాయే. నీరు దిగడానికి, పక్కలకు పాకడానికి దారి ఇచ్చింది కూడా ఆ పొరల మధ్య సందులే. రాతిని కోతకు అనువుగా చేసిన సందులే దాన్ని గుహగా తొలిచాయి. అందుకే ఈ సీమలో మంచి క్వారీ ఉన్న చోట గుహ ఉండే అవకాశం ఎక్కువ. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

ఇక్కడ ఒక పొరపాటును సరిచేయాలి. పర్యాటక రాతల్లో గండికోట లోయను, బెలుం గుహలను ఒకే సున్నపురాతి కథగా కలిపి చెబుతుంటారు. గండికోట దగ్గర పెన్నా కోసుకుపోయింది సున్నపురాతిని కాదు, ఎర్రటి క్వార్ట్జైటును. ఇసుక గట్టిపడి రాయైన పొర అది. పులుపుకు కరగదు. అందుకే అక్కడ గోడలు నిట్టనిలువుగా, పలకలు పేర్చినట్టు నిలబడ్డాయి. నది కొట్టుకొచ్చిన ఇసుక, గులకరాళ్లు ఒరుసుకుని ఒరుసుకుని సుమారు మూడు వందల అడుగుల లోతున లోయ పడింది. పెమ్మసాని వారు అక్కడ కోట పెట్టుకున్నది ఆ గోడల ధైర్యంతోనే. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఆ కోటను పట్టుకున్న రోజుల్లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అక్కడికి వచ్చి వెళ్లాడు. లోయ వేరు, గుహ వేరు. నీటి ఒరిపిడికి లోయ పడింది, నీటి పులుపుకు గుహ పడింది. రెంటికీ పొంచి ఉన్న ప్రమాదాలు కూడా వేరువేరు. గండికోటకు చెత్త, సెల్ఫీల కోసం అంచు మీద నిలబడే మనుషుల దుస్సాహసం బెడద. గుహకు మాత్రం కంటికి కనపడని మార్పులు కూడా చేటే.

అరకు దారిలోని బొర్రా గుహలను కూడా బెలుంతో పోలుస్తుంటారు. బొర్రా తూర్పు కనుమల్లో, పాత కాలపు వేడికి రూపు మారిన రాళ్ల మధ్య ఉన్న సున్నపు రాతిలో, గోస్తనీ నది తొలిచిన పెద్ద గది. పైకప్పు ఎత్తుగా ఉంటుంది, వేలాడే రాతి ఊడలు పుష్కలం. బెలుం అలా ఉండదు. చదునైన పొలాల మధ్య బావుల్లాంటి మూడు గుంతలుంటాయి. నడిమి గుంతలోంచి దిగితే అడ్డంగా సాగే సందుల చిక్కుముడి మొదలవుతుంది. కొలతకు అందిన పొడవు 3,229 మీటర్లు. అందులో సందర్శకులు నడిచేది కిలోమీటరున్నర. ప్రవేశం నుంచి నూట యాభై అడుగుల లోతున పాతాళగంగ. బొర్రాను నిలబడి పైకి చూడాలి. బెలుంలో మాత్రం గోడను దగ్గరగా చూడాలి. ఆ గోడల మీద, పైకప్పు మీద అరచేయి పట్టేంత గుంటలు వరసగా కనిపిస్తాయి. నీరు సందు నిండా ఒత్తిడితో పారినప్పుడు పడ్డ ముద్రలవి. కొన్నిచోట్ల పైకప్పులోకి గిన్నె బోర్లించినట్టు లోతుగా తొలుచుకుపోయి ఉంటుంది. ఒకప్పుడు ఈ దారులన్నీ పైకప్పు దాకా నీటితో నిండి ఉండేవని చెప్పడానికి ఆ పైకప్పు గుంటలే సాక్ష్యం. గైడ్లు సింహద్వారం, కోటిలింగాలు, వేయిపడగలు అని చూపించుకుంటూ పోయే వేగంలో ఈ గోడలను ఎవరూ చూపించరు. ఒక చోట ఆగి టార్చి పక్కగా వేసి చూస్తే ఆ నీరు ఏ వైపు నుంచి ఏ వైపుకు పారిందో కూడా తెలుసుకోవచ్చు.

బెలుంను 1884లో భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫూట్ ప్రస్తావించాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు దాన్ని పట్టించుకున్నవారు లేరు. 1982, 83లో హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ గుహాన్వేషకులు వచ్చి టేపులు, దిక్సూచులు పట్టుకుని పాకుతూ కొలిచి పటం గీశారు. ఆ పటం గీసిన తర్వాత కూడా ఊరి చెత్తను ఆ గుంతల్లోనే పోసేవారు. స్థానికులు పూనుకుని పట్టుబట్టాక 1999లో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ చేతికి తీసుకుంది. 2002లో జనానికి తెరిచింది. చెత్తకుండీని దేశమంతా చూడవచ్చే చోటుగా మార్చడం మామూలు పని కాదు. ఆ ఊరివాళ్లకూ, ఆ రోజుల్లో బురద ఎత్తిపోసిన కూలీలకూ మనం రుణపడి ఉన్నాం.

కానీ ఈ సీమలో అన్నిటికన్నా విలువైన గుహ బెలుం కాదని నా అభిప్రాయం. ఆ స్థానం బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గానిది. అక్కడ అందాలు తక్కువ. పైకప్పు కూలిపోయిన దారులు, ఎత్తైన గోడలు, పక్కలకు తెరుచుకున్న గదులు, ముళ్లచెట్లు. సంపదంతా నేలమట్టిలో ఉంది. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ ఈ గుహల్లో ఎముకలు దొరికాయని రాశాడు. నలభై ఏళ్ల తర్వాత, మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్ కాలంలో, ఫూట్, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న ఆయన కొడుకు హెన్రీ కలిసి పద్ధతిగా తవ్వారు. ఆ గదులకు తమకు తెలిసిన పేర్లే పెట్టారు. కెథీడ్రల్, ఛాప్టర్ హౌస్, పర్గెటరీ, చార్నెల్ హౌస్ అని. దొరికిన ఎముకలను రిచర్డ్ లిడెకర్ పరిశీలించి 1886లో ప్రచురించాడు. జంతువుల ఎముకల మధ్య మనుషులు చెక్కిన ఎముక పనిముట్లు కూడా ఉన్నాయని ఫూట్ చెప్పాడు. అది నిజమా, నీరు ఒరిపిడి చేసిన ఎముకలా అన్న అనుమానం చాలా కాలం నడిచింది.

ఆ అనుమానాన్ని తీర్చే పనిని తెలుగు నేల మీది పరిశోధకులే ముందుకు తీసుకువెళ్లారు. 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి, కె. తిమ్మారెడ్డి ఇక్కడి గవుల్లో తవ్వకాలు జరిపారు. ముచ్చట్ల చింతమాను గవిలో రాతి పనిముట్లు, ఎముక పనిముట్లు, నిప్పు వెలిగించిన పొయ్యి ఆనవాలు దొరికాయి. కాలిన ఆ మట్టి వయసు సుమారు 17 వేల ఏళ్లని తేలింది. ఎర్రమల గవిలో కూర్చుని ఒక కుటుంబం మాంసం కాల్చుకున్న రాత్రికి తేదీ దొరికిందన్నమాట. మన చరిత్ర పాఠాల్లో శాతవాహనులకు ముందు అంతా ఒక పేజీలో తేల్చేస్తాం. ఆ పేజీలోనైనా ఈ పొయ్యికి చోటు ఉండాలి.

బిల్లసుర్గం దగ్గరికి పరిశోధకులు మళ్లీ ఈ శతాబ్దంలో వచ్చారు. 2014లో ప్రచురించిన అధ్యయనం ఫలితం నిజంగా ఆశ్చర్యం కలిగిస్తుంది. సుమారు రెండు లక్షల ఏళ్ల మట్టిపొరల్లో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో ఒక్కటి తప్ప మిగతావన్నీ ఇప్పటికీ ఉపఖండంలో బతికే ఉన్నాయి. ఐరోపా, ఆస్ట్రేలియా, అమెరికాల్లో అదే కాలంలో పెద్ద జంతువులు మూకుమ్మడిగా అంతరించాయి. ఇక్కడ వాతావరణం మారింది, మనుషులు పెరిగారు, అయినా జింక, దుప్పి జాతులు నిలిచాయి. అడవి ముక్కలు కాకుండా ఒకదానికొకటి అంటుకుని ఉండటం దీనికి ముఖ్య కారణం కావచ్చని ఆ పరిశోధకులు అన్నారు. నల్లమల మీద ఏ రోడ్డు, ఏ తవ్వకం గురించి వాదన వచ్చినా ఈ గుహ మట్టి చెప్పిన మాట బల్ల మీద ఉండాలి.

బనగానపల్లె వైపు జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురం ఉంది. ఇండొనేసియాలోని తోబా అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ల కింద పేలినప్పుడు ఎగిరిన బూడిద ఇక్కడ పడి, కొట్టుకొచ్చి, రెండున్నర మీటర్ల మందాన పేరుకుంది. ఆ బూడిద కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం 2007లో ప్రకటించింది. అంత పెద్ద విలయం తర్వాత కూడా ఇక్కడ మనిషి మిగిలాడా, వాడు మన జాతివాడేనా అన్న చర్చ ప్రపంచవ్యాప్తంగా నేటికీ నడుస్తోంది. ఆ బూడిద పొరలు బయటపడింది చాలావరకు దాన్ని అమ్మకం కోసం తవ్విన గోతుల్లోనే. అంటే సాక్ష్యాన్ని బయటపెట్టిన తవ్వకమే సాక్ష్యాన్ని తరలించింది కూడా.

గుహలో రాతి ఊడలు ఇంకో రకం దస్తావేజులు. బొట్టుబొట్టుగా పడిన నీరు వదిలిన సున్నపు పొరలు ఏ కాలంలో ఎంత వాన పడిందో దాచిపెడతాయి. కర్నూలు ప్రాంతపు వాల్మీకి గుహలోని ఒక ఊడను కోసి, పరిశీలించి, సుమారు 15 వేల ఏళ్ల కిందటి వెయ్యేళ్ల రుతుపవనాల తీరును శాస్త్రవేత్తలు 2014లో రాశారు. ఏడాదికేడాది కరువు లెక్కలు వేసుకునే రాయలసీమకు ఇంతకంటే దగ్గరి శాస్త్రం ఏముంటుంది? అలాంటి ఊడల మీదే సందర్శకులు సప్తస్వరాలు పలుకుతాయా అని కొట్టి చూస్తుంటారు.

నీటి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ నేలలో గుహ, బావి, బుగ్గ మూడూ ఒకే గొట్టానికి కట్టిన కుళాయిలు. యాగంటి పుష్కరిణిలో ఏడాది పొడుగునా నీళ్లు, కాల్వబుగ్గ, తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఇవన్నీ నేల అడుగు నుంచి ఉబికే నీటి చుట్టూ కట్టుకున్న క్షేత్రాలు. పూర్వులు నీరు ఊరే చోటును గుడితో కాపాడారు. ఇసుకనేలలో నీరు వడకట్టుకుంటూ నెమ్మదిగా దిగుతుంది. సున్నపురాతిలో అలా కాదు, సందుల్లోంచి నేరుగా పారిపోతుంది. ఒకచోట గోతిలో పోసిన మురికి దూరాన మరో చోట బావిలో తేలుతుంది. ఈ సీమలో సెప్టిక్ ట్యాంకు ఎక్కడ తవ్వాలి, చెత్త ఎక్కడ పోయాలి అన్నది పంచాయతీ కూడా గుహల పటం చూసి తేల్చాల్సిన విషయం.

2015 చివర్లో కుండపోత వానల తర్వాత కడప పక్కనే చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో నేల గుండ్రంగా కుంగి, బావుల్లాంటి గోతులు పడ్డాయి. జనం భయపడ్డారు, రకరకాల పుకార్లు పుట్టాయి. ఒండ్రుమట్టి కింద సున్నపురాతిలో ఖాళీలుండటం, బోర్లతో నీటిమట్టం బాగా దిగిపోవడం, ఆ మీద ఒక్కసారిగా వాన పడటం, ఈ మూడూ కలిసిన ఫలితం అది. గాలేరు–నగరి పథకంలో అవుకు సొరంగాలు తవ్వినప్పుడు బలహీనమైన పొరలు తగిలి మట్టి విరిగిపడి పని ఏళ్ల తరబడి నిలిచింది. రెండో సొరంగాన్ని 2023 నవంబరులో గానీ ప్రారంభించలేకపోయారు. నేల అడుగు తెలియకపోతే కోట్ల ఖర్చు ఎలా చిక్కుపడుతుందో ఇంజనీర్లకు ఇక చెప్పక్కర్లేదు.

ఆ చీకటి నీళ్లలో బతికే ప్రాణులున్నాయని చాలామందికి తెలియదు. నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి, ఆయన సహచరులు ఆంధ్ర భూగర్భ జలాల్లోంచి మిల్లీమీటర్లలో కొలిచే ఎన్నో కొత్త జీవులను లోకానికి పరిచయం చేశారు. 2011లో వర్ణించిన ఒకదానికి ఆంధ్రకాయిడెస్ అని పేరు పెట్టారు. రొయ్యలకు దూరపు చుట్టమైన ఈ జీవి కుటుంబంవాళ్లు ఇవాళ ఉన్నది భారతదేశంలో, ఆస్ట్రేలియాలో. ఈ రెండు నేలలూ గోండ్వానా అనే ఒకే మహాఖండంగా కలిసి ఉన్న రోజుల నుంచి అది నేల కిందే ఉండిపోయిందన్నది శాస్త్రవేత్తల వివరణ. పైన డైనోసార్లు పుట్టి పోయినా దాని చీకటి మారలేదు. ఒక బోరుబావిలో పురుగుమందు దిగితే మారుతుంది.

ఇక క్వారీలు. నాపరాయి మీద బతికే కుటుంబాలు బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె, తాడిపత్రి ప్రాంతాల్లో వేలల్లో ఉన్నాయి. కరువులో పొలం ఎండితే రాయి అన్నం పెట్టింది. ఎర్రగుంట్ల నుంచి కొలిమిగుండ్ల దాకా సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి, జీతాలు వచ్చాయి, దుమ్మూ వచ్చింది. తవ్వకం ఆపేయాలనడం ఎండలో రాయి మోయని వాడి మాట. కానీ ముందు చెప్పినట్టు, మంచి రాయి ఉన్న చోట గుహ ఉండే అవకాశం ఎక్కువ. లీజు ఇచ్చేటప్పుడు రాయి ఎన్ని టన్నులుందో లెక్క చూస్తారు, అడుగున బిలం ఉందా, అందులో ఎముకలున్నాయా, ఏ బుగ్గకైనా నీరు అటు నుంచి వెళ్తోందా అని చూసే నిబంధన ఉన్నట్టు కనపడదు. పేలుడుకు ఒక గవి నోరు తెరుచుకుంటే దాన్ని మట్టితో పూడ్చి ముందుకు సాగడమే అందరికీ సులువు. ఆ గవిలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

దీనికి తోడు గుప్తనిధుల పిచ్చి. రాయలసీమలో పాత కోట, పాడుబడ్డ గుడి, గవి ఏది కనిపించినా అర్ధరాత్రి గడ్డపారలు దిగుతాయి. గుహ మట్టిని ఒకసారి కలిపేస్తే ఏ పొర ఏ కాలానిదో ఎంత పెద్ద శాస్త్రవేత్త వచ్చినా చెప్పలేడు. బంగారం దొరకలేదని వాళ్లు నిరాశగా వెళ్లిపోతారు, పదిహేడు వేల ఏళ్ల పొయ్యి మాత్రం చెడిపోతుంది.

చట్టం సంగతి చూస్తే చిత్రంగా ఉంటుంది. గుడి ఉన్న గుహను, శాసనం ఉన్న గుహను పురావస్తు చట్టం కాపాడగలదు. అడవిలో ఉంటే అటవీ చట్టం కొంత. పట్టా పొలం కింద, ఏ చరిత్రా రాయని సహజమైన బిలానికి దిక్కు లేదు. భూవారసత్వ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక బిల్లు ముసాయిదా బయటపెట్టింది. అది ముసాయిదాగానే ఉండిపోయింది. మేఘాలయలో 1992 నుంచి స్థానిక గుహాన్వేషకులు, విదేశీ మిత్రులు కలిసి ఏటా గుహలు కొలుస్తూ వందల కిలోమీటర్ల దారులకు పటాలు గీశారు. మనకు గెబౌర్ వచ్చి వెళ్లిన తర్వాత అంత పట్టుదలతో కూడిన ప్రయత్నం జరగలేదు.

మనవాళ్లకు గుహను అభివృద్ధి చేయడమంటే మెట్లు, రంగు దీపాలు, ఫౌంటెను, పార్కింగు. దీపం నిత్యం వెలిగే చోట రాతి మీద పచ్చటి నాచు పడుతుంది. జనం ఊపిరితో, ఒంటి వేడితో గాలి మారుతుంది. సిమెంటు దారి పరిస్తే కింది మట్టిపొరలు శాశ్వతంగా మూసుకుపోతాయి. బెలుం ఇప్పటికే తెరిచిన గుహ, అది జనానిదిగానే ఉండాలి. దాన్ని ఇంకా బాగా చూపించాలి, గైడ్లకు రాతి శాస్త్రం నేర్పాలి. బిల్లసుర్గాన్ని మాత్రం అలా చేయకూడదని గట్టిగా చెబుతున్నాను. దానికి కావలసింది కంచె, కాపలాదారు, పక్కన చిన్న ప్రదర్శనశాల. అక్కడి ఎముకల నమూనాలు, పనిముట్ల నకళ్లు పెడితే బేతంచెర్ల బడిపిల్లలు వెళ్లి చూస్తారు. ప్రతి గుహకూ టికెట్ కౌంటరు అక్కర్లేదు.

ప్రభుత్వానికి విజ్ఞప్తి ఒకటే. రాష్ట్ర భూగర్భ గనుల శాఖ దగ్గర ప్రతి లీజు హద్దుల పటం ఉంది. గుహలు, బుగ్గలు, ఎముకలు దొరికిన చోట్ల పటం లేదు. విశ్వవిద్యాలయాల భూవిజ్ఞాన, పురావస్తు విభాగాల విద్యార్థులను, ఈ గవులన్నీ ఎరిగిన గొర్రెల కాపరులను కలిపి పంపితే రెండు మూడు వేసవుల్లో తొలి పటం తయారవుతుంది. ఆ రెండు పటాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాకే నంద్యాల, కడప, అనంతపురం జిల్లాల్లో సున్నపురాతికి తర్వాతి లీజు మీద సంతకం పెట్టాలి.